మట్టివన్నె గోడ

మన కోలారు జిల్లాలో ఈ పది పదునైదేండ్లుగా కొత్తగా కట్టిన ఇండ్లను, పాతవైనను మరల సొగసు చేసికొన్న ఇండ్లను చూచువారికి ఒక సంగతి తోచక మానదు. లోపలి గోడలకు మీగడ వన్నెయో, గోధుమపిండి వన్నెయో, ఎండిన ఇసుక వన్నెయో పూయించుట పరిపాటి యైనది. అది తెలుపు కాదు, పసుపు కాదు, ఎరుపు అసలే కాదు; ఆ మూడింటిని కొంచెము కొంచెముగా తీసి మట్టితో మెదిపినట్లుండు వన్నె. ఏ సామానుతోనైనను సర్దుకొనిపోవు రంగని దుకాణమువారు దీనిని అమ్ముచున్నారు. ఇంత సామాన్యమైన విషయమును పట్టుకొని సంచికలో పుటలు నింపుటేల యని చదువరులు అడుగవచ్చును. ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి కాగితములు నింపినవాడను గనుక నాకు ఆ సంకోచము కొంత తక్కువ. అయినను ఇందులో ఒక ధర్మసందేహము కలదని నా నమ్మకము. ఇంటి గోడ ఎవరిది? రొక్కము చెల్లించినవానిదా, దాని నీడన బ్రతుకు వారందరిదా, వీథిలో పోవుచు కన్నెత్తి చూచువానిదా? ఒక్క రంగును ముగ్గురి పేర ఎంచుట సాధ్యమగునా?

మొదట మా ఊరి సంగతి చెప్పవలెను. సుగటూరు కోలారు తాలూకాలోని గ్రామము. ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధులైన నాడప్రభువులు విజయనగరపు రాయల కాలమున ఈ సీమను ఏలిరి. హొసకోటను నెలకొల్పిన తమ్మేగౌడ ఆ వంశమువాడే. అంతటి పేరున్న ఊరైనను, 1960 దశకమున నేను చిన్నవాడనై యుండగా అక్కడి ఇండ్లు చాలవరకు మట్టిమిద్దెలే. ఊరి వెలుపల త్రవ్విన ఎర్రమన్నును కాళ్లతో త్రొక్కి, వరుస మీద వరుసగా గోడ పెట్టెడివారు. గోడ ఎండిన పిమ్మట మెత్తని మన్ను, పేడ కలిపి అలికెడివారు. ఉగాదికి ముందు పైన సున్నము, అడుగున జానెడు మేర ఎర్రమన్ను పట్టె, గడపకు పసుపు. అంతటితో అలంకారము ముగిసెడిది. కొంచెము కలిగినవారు సున్నములో చిటికెడు నీలిమందు వేసి, తమ తెలుపు పొరుగువారి తెలుపుకంటె ఎక్కువని చూపుకొనెడివారు.

అప్పుడు ఊరికి దొరకిన రంగులు నాలుగే: సున్నపు తెలుపు, ఎర్రమన్ను, పసుపుమన్ను, పేడ యలుకు. ఎంచుకొనుట యనునది లేదు గనుక అభిరుచి యను మాటయు లేదు. ఎండకాలమున దూరమునుండి చూచినచో చేను ఎక్కడ ముగిసెనో, ఊరు ఎక్కడ మొదలయ్యెనో తెలిసెడిది కాదు. సాయంకాలపు పొగను బట్టియే ఊరిని గుర్తింపవలెను. దీనిని తలచుకొని కొందరు కన్నీరు పెట్టుకొనుచు వ్యాసములు వ్రాయుచున్నారు. వారిలో పలువురు ఎన్నడును గోడ అలికినవారు కారు. వానకు మట్టిగోడ ఒరిగిన రాత్రులు, గోడ బొరియలలోని తేళ్లు, సున్నము చిమ్మి కన్ను మంటపెట్టుకొన్న ఆడువారు, చేతులు పొక్కులు లేచిన ఆడువారు, ఇవన్నియు ఆ అందములోని భాగములే. అలుకుట ఆడువారి పని. మెచ్చుకొనుట అరుగుమీద కూర్చున్న మగవారి పని.

సున్నము సంగతి ఒకటి చెప్పి ముందుకు పోయెదను, ఏలయనగా తరువాత దానితో అవసరము కలదు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్పుసున్నము మిగులును. నీరు పోయగా అది బుసబుస పొంగి తడిసున్నమగును. దానిని గోడకు పూసినచో, బట్టీలో పోగొట్టుకొన్న వాయువును గాలినుండి మెల్లమెల్లగా తిరిగి తీసికొని మరల రాయియై కూర్చుండును. అనగా వెల్లవేసిన గోడకు కాగితమంత పలుచని రాతితోలు ఏర్పడినదన్నమాట. మరుసటి యేట దానిమీద మరియొక తోలు.

పిదప సిమెంటు వచ్చినది. ఊరిలో డబ్బాలతో, పొట్లములతో డిస్టెంపరు వచ్చినది. మట్టిరంగు పేదరికపు గుర్తై, దానినుండి ఎంత దూరము పోగలిగిన అంత గౌరవమని జనులు భావించిరి. లోపల లేతనీలము, ఆకుపచ్చ. తరువాతి కాలమున వెలుపల నారింజ, వంగపండు, చిలుకపచ్చ. బంగారుపేట నుండి ముళబాగిలు వరకు పోవు బస్సులో కూర్చుండి చూచినవారికి ఈ రంగుల వరుస తెలియును. ఇదే సమయమున పట్టణమున కొంత చదువు, కొంత సొమ్ము కూడినవారు వెనుకకు తిరిగి, తమ తాతలు విడువదలచిన మట్టివన్నెనే లీటరుకు ఇంతయని పెట్టి కొనసాగిరి. గోడకు పుట్టి పెట్టించి, ప్రైమరు కొట్టించి, నున్నగా రుద్దించి, అంతయు మట్టిగోడవలె కనబడుటకు!

ఇందులో నవ్వుకొనవలసినది కొంత కలదు గాని, నాకు నొప్పి కలిగించునది వేరొకటి. ఇట్లు మట్టివన్నెకు మరలినవారు చిలుకపచ్చ ఇంటిని చూచి పెదవి విరుచుచున్నారు. "వారికి రంగు తెలియదండీ" అనుచున్నారు. జీవితమంతయు ఎర్రదుమ్ములో పనిచేసి, మొట్టమొదటిసారి గట్టిగోడ కట్టుకొన్నవాడు ఆ దుమ్ముకు ఎంతమాత్రమును పోలని రంగును కోరుకొనుట తప్పెట్లగును? మూడు తరములుగా మన్ను ముట్టనివానికి మన్ను అందముగా కనబడును. ఈ పూట మన్ను కడుగుకొని వచ్చినవానికి కనబడకపోవచ్చును. అణకువ గల రంగు వేసికొని దానివలన గర్వించుటకంటె, గర్వపు రంగు వేసికొని పొరుగువానికి మంచినీళ్లిచ్చుట మేలని నా యభిప్రాయము. రంగు తనంతట తాను అణకువైనదియు కాదు, పొగరుబోతుదియు కాదు.

ఈ వన్నె అందరికిని మనశ్శాంతి నిచ్చునని చెప్పుటయు సరికాదు. మన బంగారు గనుల పట్టణమును చూడుడు. 1880లో జాన్ టేలరు కంపెనీవారు పని మొదలుపెట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడు వరకు, మూడు కిలోమీటర్లకు మించిన లోతునుండి రాయి తెచ్చి, పిండిచేసి, సయనైడు నీటితో బంగారమును రాబట్టిరి. బంగారము ఎక్కడెక్కడికో పోయినది. పిండి మాత్రము ఇక్కడనే యున్నది. ఆ సయనైడు దిబ్బలలో 3 కోట్ల టన్నులకు పైగా పోగుపడియున్నది. దాని వన్నె ఏమని అడిగెదరా? దుకాణమువారి పట్టికలోని ఆ వెచ్చని ఇసుకవన్నెకు అతి సమీపము. గాలికాలమున అది లేచి వచ్చి గిన్నెలమీద, పరుపులమీద, అన్నము మీద కూడ కూర్చుండెడిది. ఆండర్సనుపేటలో పెరిగిన నా మిత్రు డొకడు, కొడుకు తెచ్చి చూపిన రంగుల పట్టికను త్రోసివేసి, "మా అమ్మ బ్రతికినన్నాళ్లు దీనిని తుడుచుచునే యుండెను. ఇప్పుడు నేను దీనిని కొని పూయించవలెనా?" అన్నాడు. ఆ ఇంటికి లేతపచ్చ వేసిరి. కొడుకునకు అది ఇప్పటికిని నచ్చలేదు.

తెలుగులో 'వన్నె' అను మాటకు రంగు అనియు, బంగారపు మేలిమి అనియు రెండర్థములు గలవు. పదారువన్నె బంగారమనిన మచ్చలేనిదని మనవారెరుగుదురు. కన్నడమువారి 'బణ్ణ' మన వన్నెకు తోబుట్టువే. రెండును సంస్కృతపు వర్ణమునుండి పుట్టినవి. బంగారపు నేలమీద కాపురమున్న మనకు ఈ రెండర్థములును కలసిపోయి, మంచి రంగున్నవాడే మేలిమిగలవాడను భ్రమ కలుగుట సులభము. ఇండ్ల విషయమునను అదియే జరుగుచున్నది. మనుష్యుల మేనిరంగు విషయమున ఈ భ్రమ చేసిన కీడు ఇక్కడ చెప్పనక్కరలేదు, పెండ్లి సంబంధములు చూచినవారందరును ఎరుగుదురు.

ఇక రంగు అనునది గోడలో నున్నదా, కంటిలో నున్నదా? ఇది మన శాస్త్రకారులు విడువని ప్రశ్న. అన్నంభట్టు, పదునేడవ శతాబ్దికి చెందిన తెలుగువాడని పండితులు చెప్పుదురు, తన తర్కసంగ్రహమున రూపమును ఏడు విధములుగా చెప్పినాడు: తెలుపు, నీలము, పసుపు, ఎరుపు, పచ్చ, కపిశము, చిత్రము. ఈ కపిశమే మన మట్టివన్నెకు దగ్గరిది, గోధుమ చాయ. నీటికి మెరుపులేని తెలుపు మాత్రమే, నిప్పునకు మెరయు తెలుపు మాత్రమే గలదనియు, ఏడు రంగులును గలది పృథివి యొక్కటియేననియు ఆయన నిర్ణయము. పృథివి రంగు వేడిమివలన మారుననియు నైయాయికులు చెప్పుదురు. పచ్చికుండ నల్లనిది ఆవములో ఎర్రనిదగుట వారి ఉదాహరణము. పసుపుమన్నును పెనముమీద కాల్చి చూడుడు, ఎర్రమన్ను అగును. అందలి ఇనుపతుప్పులో చేరియున్న నీరు వెడలిపోవుటయే కారణమని నేటి రసాయనశాస్త్రము. మన కోలారు నేల ఎరుపు కూడ ఆ ఇనుపతుప్పు చలువయే.

ఈ కావిచాయనే సన్న్యాసి బట్టకును పట్టిరి. అన్నిటిని విడిచినవాడు కట్టు రంగు, అన్నియు సమకూర్చుకొన్న గృహస్థుని గోడమీద! ఇది తప్పని నేననను. అయితే గోడకు కాషాయపు చాయ తగిలించినంతమాత్రమున ఇంటిలోని ఆశ తగ్గునని ఎవరును మోసపోవనక్కరలేదు.

శాస్త్రము రంగును గోడయందే యుంచినను, అనుభవము అంత తిన్నగా లేదు. ఉదయపు ఎండలో మీగడ చాయగానున్న గోడ, మధ్యాహ్నము నీడలో బూడిద చాయయగును. రాత్రి పసుపు దీపము క్రింద వెన్నచాయ, తెల్లదీపము క్రింద పాలిపోయిన చాయ. ఇవి నాలుగు గోడలా, ఒక గోడయా? దుకాణములో అరంగుళపు చీటీ చూచి ఎంచినవారు, ఇంటిలో గోడ నిండుగా పూసిన పిమ్మట "ఇది మేము చెప్పినది కాదు" అని పెయింటరుతో జగడమాడుటకు ఇదియే మూలము. ఆ రంగు చీటీలో నున్నదే. మారినది వెలుగు, విస్తీర్ణము.

అంతకంటె చిక్కైనది కన్ను. ముదిమి పైబడినకొలది కంటిలోని కటకము పసుపుబారును. శుక్లము ముదిరినవానికి తెలుపు పసుపువలె, నీలము బూడిదవలె కనబడును. శుక్లమను పేరుగల జబ్బు తెలుపునే పసుపుగా చూపుట భాషలోని వింత! ఆ కటకమును తీసి వేరొకటి అమర్చిన మరునాడు నీలము కొట్టవచ్చినట్లు కనబడునని చికిత్స పొందినవారందరును చెప్పుదురు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1923లో కుడికంటికి ఈ చికిత్స జరిగినది. ఆ పిమ్మట రంగులు తనకు మారిపోయి కనబడుచున్నవని ఆయన చాల బాధపడెను. అట్టివానికే దిక్కు తోచనప్పుడు మన ముసలివారి మాట చెప్పనేల? ఒకే ఇంటిలో మామగారు, కోడలు, మనుమడు ముగ్గురును ఒక గోడను చూచి మూడు రంగులు చెప్పినచో ముగ్గురును నిజమే చెప్పుచున్నారు.

ఇది వాదము కొరకు చెప్పినది కాదు. ఈనాటి ఇండ్లలో గోడ ఇసుకవన్నె, నేల పలకలు ఇసుకవన్నె, తలుపు దానికి దగ్గరి వన్నె, మెట్టు కూడ అదే. చూచుటకు ఇల్లు విశాలముగానే కనబడును. చూపు మందగించినవానికి మాత్రము గోడ ఎక్కడ ముగిసినదో, మెట్టు ఎక్కడ మొదలైనదో తెలియదు. పూర్వము గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుట లక్ష్మీప్రదమని మాత్రమే మనము చెప్పుకొందుము. చీకటి నడవలో తడుముకొనుచు వచ్చు ముసలి కాలికి ఆ పసుపు మెట్టున్నదని చెప్పెడిది. గోడ అడుగున ఎర్రపట్టె నేలకును గోడకును హద్దు చూపెడిది, వానచినుకులు చిమ్మిన బురదను దాచెడిది. ఇవి ఎవరో కూర్చుండి ఆలోచించి చేసినవని నేననను. కాని పనికి వచ్చుచుండెను.

ఇప్పుడు సున్నము మాటకు తిరిగి వచ్చెదను. మాకు తెలిసినవారి యింట ఒక పెద్దాయన యుండెడివాడు. భోజనమైన పిమ్మట నడిమింటిలో ఒక చోట గోడకు ఆనుకొని కాళ్లు చాచుకొని కూర్చుండుట ఆయన అలవాటు. తలనూనె వలన గోడమీద అరచేయంత జిడ్డుమరక పడెడిది. సున్నపు కాలమున ఆ మరక ఎవరికిని బరువు కాలేదు. ఉగాది వచ్చును, సున్నము పడును, రెండు నెలలకు మరల మరక. ఇల్లు బాగుచేయించి, మంచి కంపెనీ ఎమల్షను, లేతగోధుమ చాయ, పూయించిన పిమ్మట, ఎనిమిదేండ్లవరకు గోడ చెక్కుచెదరదని చెప్పిరి. అప్పటినుండి పెద్దాయనకు ఆ చోటు లేకపోయినది. ఎవరును కసరలేదు, కోడలు మర్యాదగలదే. "మామా, అట్లా కుర్చీలో కూర్చోండి, సుఖంగా ఉంటుంది" అన్నది. ఆయన కుర్చీలో కూర్చుండెను. తరువాత నడిమింటికి వచ్చుటయే తగ్గించి, వెలుపల అరుగుమీదనే యుండసాగెను. చలికాలమున కూడ.

ఎవరిది దోషమని విచారించిన ఏమియు తేలదు. ఆమెకు ఇల్లు శుభ్రముగా నుండవలెనను కోరిక న్యాయమైనది. ఆ రంగునకు అప్పుచేసిన కొడుకు కోరికయు న్యాయమైనదే. నాకు తోచినంతవరకు చిక్కు రంగులో లేదు, ఎనిమిదేండ్లు అను మాటలో నున్నది. ఏటేట మాసిపోవలసినదే యని అందరును ఒప్పుకొన్న గోడమీద పిల్లవాని బొగ్గుగీత, పాలవాని లెక్క, ముసలివాని జిడ్డు అన్నియు చెల్లెడివి. మాసిపోరాదని పూసిన గోడమీద ఏదియు చెల్లదు. పిల్లలు చేయి పెట్టినచో దెబ్బ, పెద్దలు వీపు పెట్టినచో కుర్చీ.

ఉద్యోగకాలమున నేను వెల్లవేసిన తేదీల రిజిస్టరు వ్రాసినవాడను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున పదునొకండవ సెక్షను క్రింద, సున్నము వేసిన గోడకు 14 నెలలకొకసారి మరల సున్నము వేయవలెననియు, కడుగదగిన నీటిరంగైనచో 3 ఏండ్లకు, నూనెరంగైనచో 5 ఏండ్లకు మరల పూయవలెననియు వ్రాసియుండెను. మనుష్యులు మసలు గోడ మాయక తప్పదని ఆ చట్టము వ్రాసినవారు ఒప్పుకొన్నారు. ఇంటిలో అట్టి యొప్పుదల వ్రాసి పెట్టుకొనుట కష్టము; మనసులోనైన ఉండవలెను.

ఇంతమాత్రమున మరల మట్టిమిద్దెలకు పోవలెననియు, కోడండ్రు మరల అలుకుగుడ్డ పట్టవలెననియు నేను చెప్పుటలేదు. మట్టివన్నె నాకును ఇష్టమే. కన్నులకు బరువు కాదు. దీపపు వెలుగును మింగివేయదు. గోడమీది పటములు, పెద్దల ఛాయాచిత్రములు దానిమీద చక్కగా నిలుచును. వేసికొనువారు రెండు మూడు సంగతులు గమనించిన చాలును. రెండడుగుల చదరము గోడమీదనే పూయించి, ఉదయము, మధ్యాహ్నము, దీపము పెట్టిన తరువాత ఇంటివారందరును, ముఖ్యముగా చూపు తక్కువైనవారు, చూడవలెను. గడపలను, మెట్ల అంచులను గోడ రంగులో కలుపరాదు. పాత నూనెరంగును గీకించునప్పుడు పిల్లలను దూరముగా నుంచవలెను; ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన ప్రభుత్వము చేసిన నిబంధన 2016 నాటిది, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగుల దుమ్ములో ఏమున్నదో చెప్పలేము, సీసము పిల్లల మెదడునకు చెరుపు.

మూడవది ఆ పెద్దాయన వంటివారి గురించి. వీపు ఆనుచోట, నేలనుండి మూడడుగుల మేర, ముదురు ఎరుపుచాయ పట్టె వేయించినచో మరక కనబడదు. కనబడినను ఆ పట్టె ఒక్కటే ఏటేట మరల పూయించుటకు పెద్ద ఖర్చు కాదు. పైన ఎంత లేత చాయ నైనను వేసికొనవచ్చును. ఈ మాట చెప్పినప్పుడు మా ఊరి కుర్రవాండ్రు మొదట నవ్విరి; పాత బడివలె నుండునన్నారు. మొన్నటి ఉగాదికి రెండిండ్లలో ఆ ఎర్రపట్టె కనబడినది. ఒక ఇంటిలో అది డబ్బా రంగు. రెండవ ఇంటిలో చెరువుగట్టు ప్రక్కనుండి త్రవ్వి తెచ్చిన ఎర్రమన్నే, కొంచెము బంక కలిపి పూసినారు, చేతికి అంటుచున్నది.